కుడి ఎనుక కాలు

దసరా పొద్దు, ఇంకా తొమ్మిది కాలె,
డీసీఎం బండిల నిలబడి గుర్రం వచ్చింది
జడ్చర్ల నుంచి కొల్లాపురానికి.
పేరు పింకీ.
నొసట అద్దాల పట్టీ, మెడల పూసలు,
తోకకు మొన్నటి పెండ్లి చమ్కీ అతుక్కొనే ఉంది.
బంగళా ముంగట దించంగనే
కుడి ఎనుక కాలు భూమికి ఆనిస్తలేదు.

"లాడం ఊడింది" అన్నడు గుర్రపాయన.
"ఈ ఊర్ల కొట్టేటోళ్లు ఉన్నరా?"

ఉన్నరా అంటే,
మా ఇంటి పేరే నాల్‌బంద్.
రేషన్ కార్డు మీద గూడ గట్లనే ఉంటది.
లాయంల నలభై గుర్రాలు సకిలించిననాడు
మా దాదాకు ఏడాదికింత జొన్నలు,
దసరాకు ఒక పాగ, ఒక ఎండి రూపాయి.
గుర్రాలు పోయినంక ఎడ్లకు కొట్టినం.
ట్రాక్టర్లు వచ్చినంక ఎడ్లూ పోయినయి.
ఇప్పుడు బస్టాండు కాడ నేను పంక్చర్లు ఏస్త.
తిరిగే కాలు ఆగకుండ చూసుడే మన పని,
అది ఇనుమైతేంది, రబ్బరైతేంది అంటడు అబ్బాజాన్.

ఆయనను కుర్చీతోనే మోసుకొచ్చిండ్రు.
చేతులు వణుకుతయి. చూపు వణకదు.
ముందుగాల గుర్రాన్ని చూడలె,
దాని నీడను చూసిండు
ఏ దిక్కు ఒరుగుతున్నదో.
"జైబూ, నువ్వే పట్టు."

ఆడిమనిషా, అన్నరు ఎవరో ఎనుకకెల్లి.
పింకీ ఏమనలె.
డెక్క నా ఒళ్లె పెట్టి
సగం బరువు నా మీద ఏసి
ఎరుకున్న ఇంటికి వచ్చినట్టు నిలబడ్డది.

మా గడప మీద ఒక లాడం ఉండె.
సంస్థానం ఆఖరి దసరాకు
పంచకల్యాణి, పట్టపు గుర్రం,
జమ్మి దాక తొడుక్కొని నడిచిన లాడం.
మా చాంద్‌గాడు ఉరికి పీక్కొచ్చిండు.
గదే కొట్టాలె గదే కొట్టాలె అని అందరు;
ఫోటోలు తీసేటాయన అయితే మోకాళ్ల మీద కూసున్నడు.
పెట్టి చూసిన.
అరంగుళం పెద్దది.
"డెక్క చుట్టూ జర గుడ్డ కుక్కు" అన్నడొకాయన, కండువా సర్దుకుంట.
అబ్బాజాన్ మొదటిసారి గొంతు పెంచిండు:
"కాలును చూసి ఇనుము వంచుతరు,
ఇనుమును చూసి కాలు వంచుతరా?"

వెల్డింగు షాపుల గేటు కోసం తెచ్చిన పట్టీ అడిగినం.
కోసి, కాల్చి, వంచి, నీళ్లల్ల ముంచితే
చుయ్‌మన్నది.
మేకు ఏటవాలుగ పోవాలె.
చప్పుడే చెప్తది ఎటు పోతున్నదో:
టంగ్ అంటే గోరు, దబ్ అంటే మాంసం.
ఆరు మేకులు.
ఆరూ టంగ్.

పొద్దుగూకాల జమ్మి కాడ
పట్నం నుంచి వచ్చిన దొరవారి మునిమనుమడు
పింకీ మీద, జూలు రెండు చేతుల బిగబట్టుకొని.
గుర్రం కదలకుండ నిలబడాలె,
పంతులు హారతి పట్టాలె, అది రివాజు.
ఇంతల డప్పులు మోగినయి.
పింకీకి ఎరుకున్న పండుగ ఒక్కటే, పెండ్లి.
ముంగాళ్లు లేపింది, నడుము ఊపింది,
దొరబిడ్డ ముఖం తెల్లగైంది,
హారతి పళ్లెం ఎనుకకు ముంగటికి ఉరికింది.
ఊరు ఊరంత నవ్వింది.
నవ్వనిది అబ్బాజాన్ ఒక్కడే,
కుర్చీ చెయ్యి మీద ఏలుతోటి లెక్కవెడుతున్నడు
ఒకటి రెండు మూడు నాలుగు
ఒకటి రెండు మూడు నాలుగు.

గుర్రపాయన ఫోన్‌ల ఐదొందలు ఏసిండు.
బంగళా నుంచి శాలువా వచ్చింది, ప్లాస్టిక్ కవర్ తియ్యకుండనే.
పాత లాడం మళ్ల గడపకే కొట్టిన,
మేకు జర వంకర పోయింది, పోనీ.

రాత్రి పింకీ బండి ఎక్కింది,
రేపు కల్వకుర్తిల పెండ్లి ఉందంట.
చెక్క పలక మీద నాలుగు కాళ్లు.
మూడు ఒక్క తీరు మోగినయి.
కుడి ఎనుకది కొంచెం ఏరే.
కొత్తది గదా, అన్న.
అబ్బాజాన్ ఏమనలె.
నాగర్‌కర్నూల్ తొవ్వ మలుపు దాటేదాక
చెవి అటే పెట్టి కూసున్నడు.