గరాటా గుర్తు

కుండ అడిగింది కావేరమ్మ.
కుండ మా ఓనరు బావమరిదికి పోయింది.
అక్షరాల వరసంట, ఆఫీసరు చెప్పాడు.
ఆమెకి మిగిలింది గరాటా.

గరాటాలో ఏం నిలుస్తాదబ్బా అని
టీ అంగడి కాడ నవ్వారు. నేనూ నవ్వాను.
"నిలబెట్టుకోను కాదు నాయనా,
ఒలక్కుండా పొయ్యను"
అంది ఏడో వార్డుకి నిలబడ్డ పామంజి కావేరమ్మ,
పదకొండేళ్ళు బడిలో పిల్లోళ్ళకి వండిపెట్టిన మనిషి.

మైకు లేదు. కరపత్రం లేదు.
సంచి నిండా సీసాలు.
ఒక్కో సీసా మెడకి దారం, దారానికి అట్టముక్క,
దాని మీద ఇంటి పేరు, బోరు లోతు, తేదీ.
గడప గడపకీ పోయి
వాళ్ళ బోరు నీళ్ళే గ్లాసులో పోసి
వాళ్ళనే తాగమనేది.
తాగినోడు మొకం చిట్లిస్తే
అదే ఉపన్యాసం.

"పప్పు ఉడకడం లేదమ్మా" అనేది, అంతే.
"మొదట్లో ముప్పావుగంట.
తర్వాత గంటన్నర.
పోయినేడు పొద్దున పొయ్యెక్కించిన కందిపప్పు
అన్నం గంట కొట్టినా గింజ గింజగానే ఉండాది.
కట్టెల తప్పు కాదు, కందుల తప్పు కాదు.
ఉప్పెయ్యకముందే ఉప్పగుండే నీళ్ళు
యాణ్ణించి వచ్చినాయో
కట్టెక్కి చూడండి."

కట్ట మీద ఉండేది నేనే.
ఇందుకూరుపేట కాలవకి దిగువన
ఒకప్పుడు మొలగొలుకులు పండిన పదహారెకరాల్లో
నాలుగు రొయ్యల గుంటలు.
రాత్రి కరెంటు పోతే ఇంజను వెయ్యాల.
ఏరియేటరు ఆగిందా, తెల్లారేసరికి రొయ్య తేలిపోతాది,
నా జీతమూ తేలిపోతాది.
టార్చి నోట కరుచుకొని
డీజిలు పోస్తాను,
గరాటాతో.

ఓటడగను నా కాడికి ఇంకా రాలేదు గాని
ఆమె గుర్తు ముందే వచ్చి
నా చేతిలో కూర్చుంది.

ఒక సాయంత్రం కట్ట మీదికే వచ్చింది, ఆయాసపడతా.
"అందరి సీసాలూ ఉండాయి. మీ ఇంటిదే లేదు."
"మేం బోరు నీళ్ళు తాగం పెద్దమ్మా. క్యాను."
"ఎవురి ప్లాంటు?"
గమ్మునుండిపోయాను.
ఆ ప్లాంటు కూడా ఓనరుదే.
ఆమె ఇంకేం అడగలేదు.
ఎండిన గడ్డి మీద పేరిన తెల్లపొరని
వేలితో గీకి, నాలిక్కి తాకించుకొని
దిగి వెళ్ళిపోయింది.

శనివారం రాత్రి
ఓటుకి పదిహేనొందలు, ఇంటికో స్టీలు బిందె.
బిందె బాగుండాది. మా ఆడమనిషి మురిసింది.
పొయ్యడానికి ఏముండాదని
ఇద్దరం అనుకోలేదు.

వంటగది పక్క గదిలోనే ఓట్లు.
అట్ట చాటున ముద్ర పట్టుకొని
ఎంతసేపు నిలబడ్డానో.
బయట ఎవరో దగ్గారు.

సాయంత్రం లెక్క.
కుండ నూట పద్దెనిమిది.
గరాటా అరవై మూడు.
చెల్లనివి ఆరు.
ఆఫీసరు ఒక కాగితాన్ని లైటుకి ఎత్తి పట్టి
"ఇదిగో, ఈయనెవరో
ఇద్దరికీ వేశాడు" అన్నాడు.
గదంతా గొల్లుమంది.
కావేరమ్మ కూడా నవ్వింది, పాపం.

అది నాది.
సొమ్ము తిన్నందుకు కుండ మీద ఒకటి.
పప్పు ఉడకనందుకు
గరాటా మీద ఒకటి.

మరసటి రోజు పొద్దున్నే
ఓడిపోయిన మనిషి మళ్ళీ సంచేసుకొని
వీధిలోకి దిగింది. కొత్త అట్టముక్కలు, కొత్త తేదీ.
ఓట్లయిపోయినాయి గదమ్మే అంటే
"నీళ్ళయిపోలేదు గదా" అందంట.

ఆ రాత్రి గరాటా ఇంటికి తెచ్చి కడిగాను.
డీజిలు వాసన పోదు.
సబ్బు ఎంత రుద్దినా
మా బోరు నీళ్ళలో నురగ రాదు.
ఆ వాసనతోనే పెట్టి, చుక్క ఒలక్కుండా,
సీసా నింపాను.
అట్టముక్క మీద రాశాను: నూట నలభై అడుగులు.
తేదీ రాశాను.
ఇంటి పేరు కాడ
పెన్ను ఆగింది.

సీసా ఇంకా నా మంచం కిందే ఉండాది.