ఆరు తక్కువ

ఆహిరి మా ఊరి పిల్లేనని
మొదట అన్నది దుర్గం సునంద.
ఆలాపల్లి నుంచి వచ్చే ఎర్ర బస్సులో
ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, ఒకటి నా చెవిలో.
"అహేరి. ముందటి అక్షరం సాగదీసి
నడిమిది కొంచెం కుదించి చూడు."
చూశాను. ఊరు పేరు పాటగత్తె పేరయింది.
కిటికీ బయట టేకు చెట్లు
ఒకదాని వెనక ఒకటి దాక్కుంటున్నాయి.

ఆహిరి రాగం పాడితే ఆ పూట అన్నం పుట్టదంటారు.
తెలిసి తెలిసి ఆ పేరెవరు పెట్టుకుంటారు,
అన్నం పుట్టని పూటలు ముందే చూసినోళ్లు తప్ప?
ఇదీ సునందదే. నోటుబుక్కులో నూట పదకొండో పేజీ.

రెండో ఆల్బం అట్ట మీద ఆమె వెనక నీళ్లు.
ప్రాణహిత.
మూడో అట్ట మీద కాళ్లకు చెప్పుల్లేవు,
ఎడమ మడమకు బురద.
వంగేపల్లి రేవు బురద రంగు మాకు తెలవదా?
కుసుమ్ మడావి పాటలో మాటలు వినదు, ఊపిరి వింటది.
"చరణానికి ముందు పీల్చే గాలి చూడు,
నెత్తిన మోపుతో గుట్టెక్కినోళ్లది" అంటది.
పడవ నడిపిన రాపెల్లి ఓదెలన్నను అడిగితే
వంతెన కట్టక ముందటేడు
రేకు పెట్టె పట్టుకున్న ఒక పిల్లను దాటించిన అన్నాడు;
పైసలడిగితే కూనిరాగం తీసిందట.
మరో వారం అడిగితే
పెట్టె సంచి అయింది, పిల్ల పిల్లగాడయింది.
అదీ రాసుకుంది సునంద.
పక్కన చిన్నక్షరాల్లో: సాక్షి భయపడ్డాడు.

అన్నిటికన్నా పెద్ద రుజువు నాలుగో పాట.
నడుమ తబలా ఆగుతది, గిటారు ఆగుతది, ఆమె ఆగుతది.
ఏమీ ఉండదు.
"సరిగ్గా డెబ్బై సెకన్లు" అంది సునంద.
నది అవతల తునికాకు కట్టకు యాభై ఆకులు.
ఇవతల డెబ్బై.
ఇంకేం కావాలె?

ఎవరో అడిగితే ఆహిరి చెప్పింది,
సముద్రం పక్కన పుట్టానని.
"సముద్రం అనే ముందు ఆగింది, విన్నవా?"
నేను నవ్వలేదు.
చంద్రపూర్ హాస్టల్లో ఏ ఊరని అడిగితే
నేనూ అట్లనే ఆగి, "ఇక్కడే, దగ్గర్నే" అన్నాను,
మూడు గంటల అడవిని మింగేసి.
కాగితాల మీద నా మాతృభాష మరాఠీ.
మంచిర్యాలలో బట్టల దుకాణం ఆయన
నేను తెలుగులో బేరమాడుతుంటేనే
"ఆ మరాఠీ అమ్మాయికి లంగా చూపియ్" అన్నాడు.
దాచుకున్నోళ్ల ముఖం ఎట్లుంటదో
నోటుబుక్కు తెరవక ముందే మాకు తెలుసు.

మే నెల, రాత్రి.
కట్టలు కడుతూ ఫోన్‌లో గడియారం పెట్టి విన్నాను.
అరవై నాలుగు.
ఆకుల పాలు చేతులకంటి వేళ్లు జారాయేమోనని
తుడుచుకుని మళ్లీ విన్నాను.
అరవై నాలుగే.
అయిపోయింది. రేవు లేదు, బురద లేదు, రేకు పెట్టె లేదు.
ఎవరో సముద్రం పక్క పిల్ల
తన ఇష్టం వచ్చినంత సేపు ఊరుకుంది, అంతే.

ఎదురుగా బల్బు కింద అమ్మ.
ఆకులు లెక్కపెట్టదు, బొటనవేలితో మందం చూస్తది.
రేపు ఫడి మీద మున్షీ
పై వరుసలో ఒక కట్ట విప్పుతాడు, కింది వరుసలో ఒకటి.
నడిమి వరుస విప్పడు.
అక్కడ పెడతది అమ్మ, ఆరు తక్కువ కట్టలు,
పైనొకటి కిందొకటి పెద్దాకులు కప్పి.
ఎన్నేండ్ల సందో.
తనెప్పుడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఆల్బంలో పాటలు ఏడు.
నాలుగోది నడిమిది.

ఫోన్ మోగింది.
"విన్నవా? లెక్కపెట్టినవా? ఎంత?"
అమ్మ వేలు ఆకుల మీద ఆగింది.
"డెబ్బై" అన్నాను.
అమ్మ ఒకసారి నా దిక్కు చూసి
మళ్లీ నార అందుకుంది.