పరగడుపున అరగంట

గడ్డి కోతలు మొదలైన వారం
కొండవాలున కొడవలి పక్కన పడేసి
మోపు మీదే నిద్రపోయాను.
మిట్టమధ్యాహ్నం. ఒంటిమీద రెండు ఉన్ని స్వెట్టర్లు.
అయినా చలి.

"ఉప్పూ కారం తినే ఒళ్ళేనా ఇది?" అంది మా అత్త త్సియూరి.
తింటూనే ఉన్నాను.
ఈ స్వానేతి కొండల్లో ఉప్పంటే ఉత్త ఉప్పు కాదు,
వెల్లుల్లి, ధనియాలు, నీలిమెంతి, ఎండిన బంతిరేకులు
రాతిరోట్లో ఆమే దంచి, ఆమే నా కంచంలో చల్లుతుంది.

జుట్టు నాకంటే దువ్వెనకే ఎక్కువ మిగులుతోంది.
కనుబొమల చివర్లు రబ్బరుతో ఎవరో చెరిపినట్టున్నాయి.
ఆదివారం ముగ్గురం పాడే పాటలో అడుగు గొంతు నాది;
అది బొంగురుపోయింది.
"జలుబులే" అన్నారు మిగతా ఇద్దరూ.
నాలుగు నెలలు, అదే జలుబు.

మెస్తియాలో డాక్టర్ రుసికో
నా వెనక నిలబడి, మెడమీద వేళ్ళుంచి
గ్లాసు నీళ్ళిచ్చింది. "మింగు."
మింగాను.
"మళ్ళీ."
మన మెడ పట్టుకున్న మనిషి ముఖం మనకి కనబడదు.
గోడమీద పోయినేటి క్యాలెండర్ చూస్తూ గ్లాసు ఖాళీ చేశాను.
సీతాకోకచిలుకలా ఉంటుందంటూ గ్రంథి బొమ్మ చూపించింది.
నాకైతే కాడిలా ఉంది,
మా నాన్న ఎడ్ల మెడన ఎత్తే కాడి.

నా రక్తం మంచుపెట్టెలో జుగ్దిదికి దిగింది,
పెళ్ళయ్యాక నేనింతవరకు దిగని దారిలో.
ఫలితం ఫోన్లో చెప్పారు: టీఎస్‌హెచ్ నలభై రెండు.
ఎంతుండాలి?
నాలుగు లోపు.
ఏ పరీక్షలోనైనా నాకు ఎక్కువ రావడం అదే మొదలు.

మా అమ్మమ్మ దరేజాన్‌కి గళగండం.
ఉన్న ఒక్క ఫొటోలో గడ్డం దాకా శాలువా.
ఆ రోజుల్లో ఉప్పు గాడిదలెక్కి కనుమ దాటి వచ్చేది,
అయోడిన్ దాని వెంట రాలేదు.
"నాకూ అదేనా?"
కాదంది డాక్టర్. ఈసారి ఉప్పు పాపం ఏమీ లేదు.
యాంటీబాడీలు. ఒంటికి కాపలా ఉండాల్సినవి.
కంచే చేను మేసింది.
"ఎందుకని?" అంటే భుజాలెగరేసింది.
అక్కడే నచ్చింది నాకామె.

మాత్ర చిన్నది, కందిబద్దంత.
పరగడుపున, మంచినీళ్ళతో. అరగంట దాకా కాఫీ వద్దు.
ఆరు వారాలకి మళ్ళీ రక్తం.
యాభై చాల్లేదు, డెబ్భై ఐదు.
బహుశా జీవితాంతం.
"పొదుపుగా బతుకు, మాత్రలు ఖరీదు" అన్నాడు ముర్జకాన్,
నవ్వించాలని. నవ్వాను. మొగుడు కదా.

ఆ అరగంటే కష్టం.
చీకటి విడవకముందే పొయ్యి ముందు కూర్చుని
ముట్టకూడని కాఫీ వాసన చూస్తుంటాను.
అత్త కూడా తన కప్పు ముట్టదు.
మొదట్లో ఎత్తిపొడుపనుకున్నా.
తొమ్మిదేళ్ళలో మేమిద్దరం పని లేకుండా
ఒకచోట కూర్చోవడం ఇదే.
ఒకరోజు తన పెళ్ళినాటి గుర్రం గురించి చెప్పింది.
ఇంకోరోజు ఏమీ చెప్పలేదు.
రోట్లో ఇప్పుడు దంచేది అయోడిన్ కలిపిన పొట్లం ఉప్పు;
నేను అడగలేదు. "మందు కంపు" అని తిడుతూనే దంచుతుంది.

కోతలు పూర్తయ్యాయి. చివరి వాలు నేనే కోశాను.

తొలి మంచు పడిన తెల్లారి
అత్త తన మెడ చుట్టూ నల్లరుమాలు విప్పింది.
ఎప్పుడూ విప్పగా చూడలేదు.
నా చెయ్యి లాగి అక్కడ ఆనించుకుంది.
నోరు తెరిచి ఏమీ అడగలేదు.

లేచి ఆమె వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.
గ్లాసు అందించాను.
"మింగు, అత్తా."

నా వేళ్ళ కింద ఏదో
లేచింది, దిగింది.

"మళ్ళీ."

పొయ్యిమీద కాఫీ పొంగిపోయింది.