ఇరవైరెండో తలుపు

నర్సాపురంలో కూచుని
ఏటి అవతల సఖినేటిపల్లి డబ్బాకి తాళం వేశాను.
లోపలుండాల్సింది నేను.
బయటుండిపోయిందీ నేనే.

మూడు నెలలుగా నేర్చుకుంటున్నాను
కేబుల్ ఆఫీసు మేడమీద,
నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, చల్లారిన టీ.
లినక్సు పైనుంచి కిందికి చదువుతుందట రూళ్ళని.
మొదట సరిపోయిన మాట దగ్గరే ఆగిపోతుందట,
దాని కింద ఎంత న్యాయం రాసిపెట్టినా చూడదట.

ఆ సాయంత్రం మొదటి వరసలోనే రాసేశాను:
ఎవరొచ్చినా, ఎవరెటు దాటినా, డ్రాప్.
ఇరవైరెండో తలుపు దగ్గరకొచ్చేది నేనే, రానివ్వు
అని రెండో వరసలో రాద్దామనుకున్నాను.
ఎంటర్ కొట్టాక రెండో వరస లేదు.
కర్సర్ మిణుకుతూనే ఉంది,
నేను కొట్టిన అక్షరం ఒక్కటీ పడలేదు.

డ్రాప్ అంటే కాదనడం కాదు.
కాదనడానికి రిజెక్ట్ అని వేరే మాట ఉంది.
డ్రాప్ అంటే ఉత్తరం చింపెయ్యడం,
చింపినట్టు కూడా చెప్పకపోవడం.
అవతలివాడు దారిలో ఆలస్యమనుకుంటాడు,
మళ్ళీ పంపుతాడు,
కాస్త ఆగి మళ్ళీ,
ఆగేది ప్రతిసారీ రెట్టింపు చేసుకుంటూ.

అంతర్వేదిపాలెం నుంచి తిరుమాని పల్లపురాజు ఫోను:
"సెరువులో ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో
సెల్లులో కనపట్టం లేదమ్మా.
రాత్రి గాలాడకపోతే రొయ్య తేలిపోద్ది."

రేవులో బళ్ళ వరస.
ఒక్క కొబ్బరికాయల లారీ ఎక్కితే
ఇరవై మోటారు సైకిళ్ళు గట్టునే.
టిక్కెట్లు కోసే నాగిడి సత్తిపండు
ఆసుపత్రి ఆటోని ముందు వదిలాడు,
లారీని ఆపి చిన్నబళ్ళని సందుల్లో సర్దాడు.
దీనికే పుస్తకంలో పదహారు పేజీలు రాశారు,
నాకు మూడుసార్లు చదివినా ఎక్కలేదు.

నా దగ్గరకొచ్చేసరికి గొలుసు వేసేశాడు.
"ఇంక పట్టదమ్మా, సెప్పేత్తన్నాను.
దీని ఎనకాలది మీదే."
ఎంత హాయిగా ఉందో ఆ లేదనడం.

ఎర్రనీరు వచ్చి వారమైంది.
వచ్చేదాని మీద మనకు పెత్తనం లేదంటుంది పాఠం,
మన గుమ్మం దాటి పోయేదాన్నే
వరసలో పెట్టగలమట.
గట్టుమీద నిలబడి నీళ్ళకేసి చూస్తే
ఎందుకో లేసు అల్లే ఎస్తేరురాణి గుర్తొచ్చింది.
మూడువేలు అడిగింది రెండేళ్ళ కిందట.
లేవని చెప్పడానికి సిగ్గేసి
ఫోనెత్తలేదు.
మర్నాడు చేసింది. నాలుగురోజులకి చేసింది.
పండగ ముందు ఒకసారి.
అప్పుడే ఆమె నెంబరు బ్లాకులో పెట్టాను.
నాకు ఫైర్‌వాల్ రాదని ఎవరన్నారు?

డబ్బా ఉన్నది ఎరువుల కొట్టు వెనకగదిలో,
యూరియా వాసన, బల్లుల రెట్ట.
కీబోర్డు తగిలించి ఒక్క వరస చెరిపాను.
పచ్చదీపాలు పూనకం వచ్చినట్టు ఊగాయి.
"తిరుగుతున్నాయమ్మా," అన్నాడు పల్లపురాజు,
తిరగనిదెందుకో అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ రోజునుంచీ కొత్త రూలు రాసేముందు
డబ్బాకి ఒక మాట అప్పజెబుతాను:
అయిదు నిమిషాల్లో నా గొంతు వినపడకపోతే
నేను రాసిందంతా కొట్టెయ్.

ఆఖరి పంటిలో తిరిగొస్తూ
ఎస్తేరురాణిని బ్లాకులోంచి తీశాను.
ఏమీ రాలేదు. వెంటనే వస్తుందా?
ఆగడం రెట్టింపు, మళ్ళీ రెట్టింపు
చేసుకుంటూ పోయిన మనిషి
ఈపాటికి ఏ లెక్కలో ఉందో,
తర్వాతి ప్రయత్నం ఏ ఏడాదికి పడుతుందో.

నా దగ్గర ఇప్పటికీ మూడువేలు లేవు.
ఆ సంగతే చెబుదామని
నెంబరు నొక్కాను.