గట్టు కాపలా

తొంభై ఆరు నిమిషాలు నా గుండె కొట్టుకోలేదట.
రాజమండ్రి ఆస్పత్రిలో మిషను నడిపిన పిల్ల, మెహరున్నీసా,
కాలువ కట్టేశామన్నంత మామూలుగా చెప్పింది.

ఆ భాష నాకు తెలుసు.
లొల్ల లాకుల దగ్గర ముప్పై ఒక్కేళ్ళు లస్కరుని.
వేసవిలో కాలువ కట్టేస్తాం, పూడిక తీస్తాం,
తూము పాడైతే పక్కనుంచి బోదె తవ్వి నీళ్ళు దాటిస్తాం.
వాళ్ళూ కాలి నరం కోసి గుండెకి బోదె తవ్వారు.
అంతవరకూ బాగానే ఉంది.

మూడో రోజు జ్వరం.
కాలు తవుడు బస్తాలా ఉబ్బింది,
నాడి గోతుల రోడ్డు మీద సైకిలు.
"చీము పట్టిందా బాబూ?" అంది మా మాణిక్యం.
డాక్టరు కాగితాలు తిరగేశాడు.
"ఇన్ఫెక్షన్ కాదమ్మా. లోపలి కాపలా అతి చేస్తోంది."

పుట్టిన్నాటి నుంచీ ఒంటి గడప దాటని నెత్తురు
ప్లాస్టిక్ గొట్టాల్లో ఊరంతా తిరిగొచ్చింది.
తిరిగొచ్చినదాన్ని ఒళ్ళు ఆనవాలు పట్టలేదు.
తెల్లకణం ఒకటి కేకేస్తే పది లేచాయి,
పది కేకేస్తే లంకలన్నీ లేచాయి.
ఊపిరితిత్తుల్లో నీరు చెమర్చింది.
"ఆపెయ్యలేరా?"
"తగ్గించగలం. కుట్లు మాన్పేదీ వాళ్ళేగా."

కళ్ళు మూస్తే ఎనభై ఆరు వరద.
గట్టుకి జానెడు కింద గౌతమి.
అవతలి ఒడ్డువాళ్ళు పడవేసుకొచ్చి గండి కొడతారని పుకారు.
ఇంటికొక మనిషి, చేతికొక గెడకర్ర,
ఇసక బస్తాల మీద మూడు రాత్రుల నిద్రలేని కళ్ళు.
తెల్లారుఝామున చీకట్లోంచి ఒక ఆకారం.
ఎవడో అరిచాడు. అంతే.
మొదటి దెబ్బ నాదే.

అబ్బులు.
మా చిన్నక్క మొగుడు.
గోనెసంచి నెత్తిన కప్పుకుని
మా కోసమే కేను మోసుకొస్తున్నాడు.
"టీ రా! టీయే రా!" అన్నాడట,
మాకు వినపడలేదు.
గట్టు నిలిచింది.
అతని కుడిచెయ్యి మాత్రం
మళ్ళీ భుజం దాటి లేవలేదు.

తొమ్మిదో రోజుకి జ్వరం దిగింది.
రెండొందలు దాటిన నెత్తురు పరీక్ష అంకె
కొలతరాయి మీద గీతలు బయటపడ్డట్టు
రోజుకింత కిందికొస్తోంది.

సాయంత్రం అబ్బులు వచ్చాడు,
ఎడంచేతిలో ఫ్లాస్కు.
ఒంటిచేత్తో మూత రాక నాకందించాడు.
తిప్పబోతే రొమ్ము కుట్లు పీకాయి, దగ్గొచ్చింది,
దిండు గుండెకి అదుముకున్నాను.
లేవబోతున్నాననుకున్నాడు కాబోలు,
భుజం మీద చెయ్యేసి ఆపాడు.

"టీయే రా" అన్నాడు.