పక్క

"రోజూ ఎలా పడుకుంటారో అలాగే పడుకోండి"
అంది నోరీన్, మెడలో కొలతటేపు సర్దుకుంటూ.
బాలరాట్ ఊరి చివర, హైవే వారన దుకాణం.
తలుపు తెరిచినప్పుడల్లా జూలై చలిగాలి
పరుపుల ప్లాస్టిక్ తొడుగుల్ని పటపటలాడిస్తోంది.
"మీలో ఎవరిది ఎటు పక్క?"

ఇద్దరం ఒకేసారి అన్నాం:
"మధ్యలో."

ఆమె నవ్వింది. మేం నవ్వలేదు.
భానోజీ రాత్రి తొమ్మిదికి గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కుతాడు.
తొమ్మిదిన్నరకి నేను వృద్ధుల హోమ్ నుంచి వస్తాను,
చేతులకింకా అక్కడి లావెండర్ సబ్బు వాసన.
తెల్లారి ఆరింటికి నేను లేస్తుంటే
అతను బూట్లు విప్పుతుంటాడు.
నాలుగేళ్లుగా మా పరుపు చల్లారి ఎరగదు.
దాని నడిమధ్య ఒకటే గుంట,
దొంగల్లా వంతులేసుకుని అందులోకి దిగుతాం.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు.
అన్నవాడికి నడుం ఉండి ఉండదు.

పార్వతీపురంలో మా అమ్మమ్మ పరుపుకి
దూది ఏకిన మస్తాన్ సాయిబు
వింటితాడు మీటుతూ ఒక్కటే అడిగేవాడట:
"ఎన్ని శేర్లమ్మా?"
నోరీన్ దగ్గర ప్రశ్నలు పేజీన్నర.
వెల్లకిలా, బోర్లా? చెమట పడుతుందా?
ఆయన గురక పెడతారా?
ఏమో. కలిసి పడుకునే శనివారం
నేనే ముందు నిద్రపోతాను.

ఒకటి నానిన అటుకుల్లా నన్ను మింగేసింది.
ఒకటి బ్యాంకు మేనేజరులా ఎంతకీ లొంగలేదు.
ఇంకొకటి మెమరీ ఫోమ్. దానికి జ్ఞాపకం ఉంటుందట,
ఒంటి ఆకారం గుర్తుపెట్టుకుంటుందట.
"ఎవరిది?" అని అడిగాడు భానోజీ.

"నడుం కింద చెయ్యి పెట్టి చూడండి.
సులువుగా దూరిపోతే పరుపు మరీ గట్టి,
దూరకపోతే మరీ మెత్తన.
కాస్త ఇరుకుగా దూరి ఆగిందా, అదే మీది."
నా చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి.
అతని చెయ్యి వచ్చింది.
దూరింది.
ఆగింది.
నోరీన్ చాలాసేపు ధర చీటీ వైపే చూస్తూ నిలబడింది,
ఆ అంకెలు తనకే కొత్తయినట్టు.

తర్వాత, అన్నిటికన్నా ఖరీదైనదాని మీద
ఒక చివర నీళ్ల గ్లాసు నిలబెట్టి
రెండో చివర ధబ్బున కూలబడింది.
నీళ్లు తొణకలేదు.
"చూశారా, పక్కమనిషి లేచినా వాలినా మీకు తెలియనే తెలియదు."

"తెలియాలి" అన్నాను.
నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

నూరు రాత్రులు పడుకుని చూడమంది,
నచ్చకపోతే డబ్బు వాపసు.
భానోజీ వేళ్ల కణుపుల మీద శనివారాలు లెక్కపెట్టాడు.
"మనవి పద్నాలుగే" అన్నాడు,
తెలుగులో, నాకు మాత్రమే.

స్ప్రింగులదే తీసుకున్నాం. గ్లాసు ఒలికినది.

బుధవారం మూడింటికి తెచ్చారట.
పాతదాన్ని వాళ్లే మోసుకుపోయారట, గుంటతో సహా.
రాత్రి వచ్చి లైటు వేశాను.
డ్యూటీకి వెళ్లేముందు కాసేపు నడుం వాల్చినట్టున్నాడు,
దుప్పటి కిటికీ వైపు మాత్రమే నలిగి ఉంది,
ఒక్క మనిషి వెడల్పున, అంచుకి ఆనుకుని.
మిగతాదంతా ఇస్త్రీ మడత విప్పినట్టే ఉంది.

నోరీన్‌కి చెప్పలేదు కానీ
మా భాషలో పక్క అంటే పరుచుకునేదీ,
దగ్గరుండేదీ.

గోడవైపు పడుకున్నాను.
ఎంత వెడల్పో ఇది.
నిద్ర పట్టేసరికి ఒంటిగంట.
నడుం మాత్రం, నిజం చెప్పాలంటే,
హాయిగానే ఉంది.