నాలుగు రోజుల కొళాయి

ఉరవకొండ రోడ్డు మీది నర్సరీలో
పెన్నోబులేసు ముందు ధర చెప్పడు,
ప్రశ్నలేస్తాడు.
"నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి మేడం?"
నాలుగు రోజులకు.
"పడమట నీడ ఉండాదా?"
లేదు.
"మేకలు?"
పక్కింటి సుంకమ్మవి మూడు.

గులాబీ మీద నా చెయ్యి పడకముందే
తన చెయ్యి అడ్డం పెట్టాడు.
"పోయినేడు రెండు కొంటివి.
నేను అమ్మితి, నువ్వు పూడిస్తివి.
పాపం ఇద్దరికీ సగం సగం."

గన్నేరు తీశాడు: మేక మూతి పెట్టదు,
ఆకు నిండా విషం, కొమ్మ చివర పెళ్ళికళ.
నూరువరహాలు నేనే అడిగాను,
చిన్నప్పుడు తొడిమ లాగి తేనె చప్పరించిన రుచికి.
వద్దనలేదు, తల గోక్కున్నాడు.
కాగితం పువ్వుకు మాత్రం జాగ్రత్త చెప్పాడు:
"గారాబం చేస్తే ఆకులే ఇస్తాది.
ఎండబెట్టు, అప్పుడు పూస్తాది."
బిళ్ళగన్నేరుకు డబ్బులు తీసుకోలేదు.
"అది మొక్క కాదు మేడం, మొండితనం."

ఇంట్లో గడ్డపార వేస్తే
జానెడు ఎర్రమన్ను, కింద తెల్లటి సుద్ద.
బియ్యం కడిగిన నీళ్ళు అటు మళ్ళించాను.
ఆషాఢం గాలికి కొమ్మలకు
పాత చీర అంచులు కట్టాను.

ఇప్పుడు మే నెల.
కాగితం పువ్వు గోడెక్కి
వీధికంతా రాణిరంగు పోస్తోంది.
గన్నేరు నాలుగాకులు రాల్చి ఊరుకుంది.
నూరువరహాలు పసుపెక్కి పోయింది, దాచడమెందుకు.
దాని గుంత పూడ్చాలని పార తీసుకెళితే
లోపల
ఎవరూ నాటని బిళ్ళగన్నేరు,
అయిదు రేకులూ విప్పి,
అద్దె అడగని ఇంట్లో దిగినట్టు.

పార గోడకానించి
చెంబు కోసం లోపలికెళ్ళాను.
కొళాయి రేపు.